తరంగంబాడిలో తడి ఇసుక దాకా

బెంగుళూరులో నాకు పెట్టుడు కాలు అమర్చిన చోట, చివరి రోజున అక్కడి టెక్నీషియన్ నేను చేయకూడని పనులన్నీ వరసగా చెప్పాడు. బరువులు ఎత్తకూడదు. తడి బండల మీద నడవకూడదు. కాలు తీయకుండా పడుకోకూడదు. "ఇసుకలో అసలు వద్దమ్మా. అందులోనూ బీచ్ ఇసుక. ఉప్పునీళ్ళు తగిలితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది" అన్నాడు.

నాకప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. అప్పటిదాకా సముద్రం చూడలేదు. చూడాలన్న కోరిక కూడా ఏమంత ఉండేది కాదు. మాది తళి దగ్గర పల్లె. పొద్దున్నే మంచు, క్యాబేజీ మడులు, పాలీహౌస్‌లో గులాబీలు, హోసూరు మార్కెట్‌కు పోయే బండి. వాటితోనే ఏళ్ళు గడిచిపోయాయి. కానీ ఆ మనిషి వద్దన్న క్షణంలోనే నేను నిర్ణయించుకున్నాను. సముద్రం దగ్గరికి పోవాలి, నా కాళ్ళ మీద నడిచి నీళ్ళలో దిగాలి. ఒకటి దేవుడిచ్చిన కాలు, ఇంకొకటి వీళ్ళిచ్చింది. రెండూ నావే కదా.

కాలు పోయిన సంగతి చెప్పాలి. కృష్ణగిరిలో చుట్టాల పెళ్ళి చూసుకుని స్కూటర్ మీద తిరిగి వస్తున్నాం. మా ఆయన నడుపుతున్నాడు, నేను వెనక కూర్చున్నాను. గురుబరపల్లి దాటాక ఒక లారీ మా పక్కగా బాగా దగ్గరికి వచ్చింది. ఆయన బండిని మట్టిలోకి దింపాడు. చక్రం జారింది. ఆయనకు మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. నా ఎడమకాలు లారీ వెనక చక్రానికి దొరికింది. డాక్టర్లు మోకాలి కింద నుంచి తీసేశారు.

ఆయన తప్పేమీ లేదు. ఆ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవికి ఎక్కలేదు. ఇంటికి వచ్చిన రోజు నుంచి నన్ను పువ్వులా చూసుకున్నాడు. నేను లేవబోతే ముందే లేచేవాడు. బిందె ముట్టనిచ్చేవాడు కాదు. ఇంట్లో నుంచి వాకిట్లోకి నడిచినా ఆయన చెయ్యి నా జబ్బ కింద ఉండేది. పెట్టుడు కాలు వచ్చాక కూడా అంతే. నేను తూలకముందే పట్టుకునేవాడు. నేను తూలుతానో తూలనో నాకే తెలిసేది కాదు. ఆ చెయ్యి అక్కడున్నంత కాలం నాకు నడక రాదని కొన్నాళ్ళకు అర్థమైంది. అది ఆయనతో ఎట్లా చెప్పాలో మాత్రం తెలియలేదు.

అందుకని చెప్పకుండానే మొదలుపెట్టాను. ఆయన పూలబండితో హోసూరుకు పోగానే ఇంటి వెనక దున్నిన మడిలోకి దిగేదాన్ని. మట్టిపెడ్డల మీద పెట్టుడు పాదం ఎటు తిరిగితే అటు పోతుంది. మన పాదానికి నేల ఎట్లా ఉందో తెలుస్తుంది, దానికి తెలియదు. నడుము దగ్గర నుంచి కాలెత్తి, చూసుకుని వేయాలి. మొదట్లో ఎన్నిసార్లు పడ్డానో లెక్క పెట్టలేదు. మడిలో పడితే దెబ్బ తగలదు, చీర మాత్రం ఎర్రమట్టి అవుతుంది. తర్వాత పక్కింటివాళ్ళు కొత్త ఇల్లు కట్టడానికి ఇసుక తోలించుకున్నారు. నేను ఆ కుప్ప ఎక్కి దిగడం మొదలుపెట్టాను. మేస్త్రీ దగ్గర పనిచేసే ఆడవాళ్ళు రెండు రోజులు నవ్వారు. మూడో రోజు నుంచి, "అక్కా, ఈరోజు పైదాకా పోయినావే!" అని వాళ్ళే చెప్పేవారు.

ఏ ఊరికి పోవాలన్నది మా ఆడబిడ్డ వల్ల తేలింది. అత్తిముగంలో ఇచ్చాం ఆమెను. టమోటా, బీన్స్ వేసుకుంటారు. నాకంటే ఆరేళ్ళు చిన్నది, నోరు పెద్దది. వాళ్ళ కూతురు కాలేజీవాళ్ళతో తరంగంబాడి పోయి వచ్చి ఫోన్లో ఫోటోలు చూపించింది. చిన్న ఊరు. సముద్రం ఒడ్డునే పాత కోట. కోట ముందే అందరూ పోయే బీచ్. "మద్రాసులో అయితే రోడ్డు నుంచి నీళ్ళ దాకా ఇసుకలో నడిచీ నడిచీ కాళ్ళు నొప్పి పుడతాయి అత్తా. ఇక్కడ గోడ దాటితే కొంచెం దూరమే" అంది. ఆ కొంచెం దూరమే నాకు కావలసింది.

ఆయనతో ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను.

"సముద్రం చూసి వస్తాను. మీ చెల్లెలు నాతో వస్తుంది."

ముద్ద చేతిలోనే ఆగింది. "సముద్రమా? యాడికి?"

"తరంగంబాడి. హోసూరులో రైలెక్కితే తెల్లారేసరికి మయిలాడుతురై. ఆణ్ణించి బస్సు."

"అయితే నేనూ వస్తాను. పూలు రెండు దినాలు ఎవురన్నా చూసుకుంటారు."

"నువ్వు రావద్దు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆ ప్రమాదం మాటే తలపుకు వచ్చి ఉంటుంది. నేను తొందరగా అన్నాను, "కోపం లేదప్పా నాకు నీ మింద. నువ్వు పక్కన ఉంటే నీ చెయ్యి వచ్చేస్తుంది. నేను పడాల. పడి లేయాల. నువ్వు నన్ను పడనియ్యవు."

"పడేదానికి అంత దూరం పోవాల్నా?"

"పోవాల."

ఆయన కంచంలో ఉన్నది తిని చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు నా సంచి సర్దుతుంటే వచ్చి, అటక మీద నుంచి నా పాత పెట్టుడు కాలు దింపి తుడిచి ఇచ్చాడు. అది మొదట్లో తాత్కాలికంగా ఇచ్చింది. తర్వాత నా కాలు చిక్కిపోయి అది వదులైతే కొత్తది చేయించాం. "ఉప్పునీళ్ళలోకి ఇది ఏసుకో. కొత్తది పాడైపోతుంది" అన్నాడు. వద్దని ఒక మాట, జాగ్రత్తని ఒక మాట అంటాడనుకున్నాను. పాత కాలు తెచ్చి చేతికిస్తాడని అనుకోలేదు.

అట్లా ఒక కాలు తొడుక్కుని, ఒక కాలు సంచిలో పెట్టుకుని బయల్దేరాను. మయిలాడుతురైలో బస్సెక్కేటప్పుడు సంచి జిప్పు పూర్తిగా పడక, బూటు తొడిగిన పాదం బయటికి కనబడుతూ ఉంది. కండక్టర్ దాన్ని చూసి ఒక్క అడుగు వెనక్కి వేశాడు. "ఏమిటమ్మా అది?" అని తమిళంలో అడిగాడు. మా ఆడబిడ్డ ఏమాత్రం తడుముకోకుండా, "స్పేర్" అంది. బస్సులో ముందు సీట్లవాళ్ళు తిరిగి చూసి నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. ప్రమాదం తర్వాత కొత్తవాళ్ళ మధ్య నేను నవ్వడం అదే మొదలు.

తరంగంబాడిలో ఊరి మొదట్లోనే తెల్లటి పాత ద్వారం ఉంది. దాని కిందుగా నడిచిపోతే నేరుగా సముద్రమే. ఆ వీధిలో పాత చర్చిలు, లావు స్తంభాల ఇళ్ళు, అక్కడక్కడా మూసి ఉన్న పెద్ద పెద్ద తలుపులు. మనుషులు తక్కువ. సైకిల్ మీద చేపలమ్మే ఆయన ఒకడు, గోడ నీడలో పడుకున్న మేకలు. వీధి చివర ఎండలో పసుపురంగు కోట. ఎప్పుడో డెన్మార్క్ నుంచి మిరియాల కోసం ఓడల్లో వచ్చినవాళ్ళు కట్టుకున్నారట. మాకు తళిలో కొంచెం ఎండ ఎక్కువైతేనే తలనొప్పి వస్తుంది. అంత చలిదేశం నుంచి వచ్చి, ఈ ఉప్పు గాలిలో, ఈ వేడిలో రాయి మీద రాయి పెట్టుకున్నారంటే వాళ్ళకూ ఏదో పంతం ఉండే ఉంటుంది.

పొద్దున ఎండలో ఇసుక మీదికి పోవద్దనుకున్నాం. ముందు కోట చూశాం. మెట్లు ఎత్తుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కడ్డీలు లేవు. ఆడబిడ్డ కింద నుంచి, "వదినా, ఈడ చూసింది చాల్లే" అంటూనే ఉంది. నేను మంచికాలు ముందు పెట్టి, రెండోదాన్ని దాని పక్కకు లాక్కుంటూ ఎక్కాను. పైన పాత నాణేలు, ఓడ బొమ్మలు, పగిలిన పింగాణీ పెట్టి ఉన్న గదులున్నాయి. నేను వాటిని సరిగ్గా చూడలేదు. గోడ మీద నుంచి సముద్రం కనబడింది.

ఎంతోమంది చెప్పగా విన్నాను, టీవీలో చూశాను. అయినా అంత ఎత్తులో ఉంటుందని అనుకోలేదు. నీళ్ళు పల్లంలో ఉంటాయి కదా. ఇది కంటికి ఎదురుగా గోడలా లేచి నిలబడినట్టుంది. ఆడబిడ్డ కూడా ఎక్కి వచ్చి నా పక్కన నిలబడింది. గోడ అంచును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"వదినా," అంది, "నేను దాంట్లోకి రాను. ఒడ్డునే ఉంటాను. నాకు భయం."

"బావిలో దూకేదానివి కదా చిన్నప్పుడు?"

"బావికి అవతల గోడ ఉంటుంది. దీనికి యాడుంది?"

సాయంత్రం ఎండ తగ్గాక బీచ్‌కు పోయాం. కోట ముందు పొట్టి గోడ ఉంది, దాని మీద కూర్చుని కాలు మార్చుకున్నాను. అక్కడ ఊరి జనం, బయటి నుంచి వచ్చిన కుటుంబాలు, శనగ గుగ్గిళ్ళు అమ్మే ఒక నడివయసు ఆడమనిషి ఉన్నారు. ఇంట్లో అయితే తలుపు వేసుకుని మార్చుకునేదాన్ని. ఇక్కడ వేసుకోవడానికి తలుపు లేదు. చీర మోకాలి పైకి తీసి, కొత్తకాలు విప్పి, పాతది వదులు కాకుండా మేజోళ్ళ మీద మేజోళ్ళు తొడిగి బిగించుకున్నాను. చూసేవాళ్ళు చూశారు. గుగ్గిళ్ళామె దగ్గరికి వచ్చి తమిళంలో అడిగింది.

"నీళ్ళ దాకా పోతావా?"

"పోవాలనే వచ్చినాను."

"ఎండిన ఇసుకలో కాలు దిగబడుతుంది. తడి ఇసుక చేరితే నేల గట్టిగా ఉంటుంది. అక్కడిదాకానే కష్టం." అంతే చెప్పి పొట్లం కట్టడానికి పోయింది.

ఇంటి దగ్గర ఇసుకకుప్పకూ దీనికీ పోలికే లేదు. అది కరకరలాడేది, కాలికింద నిలిచేది. ఇది పిండిలా పక్కలకు జరిగిపోతుంది. వెంట తెచ్చుకున్న చేతికర్ర మూరెడు లోతుకు దిగింది. పెట్టుడు పాదం వేళ్ళ దగ్గర వంగదు కాబట్టి మొన ఇసుకలో గుచ్చుకుంటుంది. నాలుగు అడుగులు వేసి బోర్లా పడ్డాను. నోట్లోకి ఇసుక పోయింది. వెనక ఆడబిడ్డ చెప్పులు టపటపలాడుతూ పరిగెత్తి వస్తున్న చప్పుడు వినబడింది.

"రావద్దు! ఆడే ఉండు!" అని అరిచాను.

"ఎట్ల లేస్తావు వదినా?"

"నేను చూసుకుంటాను. సుమ్నుండు, నువ్వు కదలొద్దు."

మోకాళ్ళ మీదికి వచ్చి, కర్రను అడ్డంగా పెట్టి దాని మీద రెండు చేతులూ మోపి, మంచికాలు కిందికి తెచ్చుకుని లేచాను. మడిలో నేర్చుకున్న పద్ధతి. తర్వాత కర్ర వాడడం మానేశాను. దిగబడే కర్ర సాయం చేయకపోగా లాగేస్తోంది. దాన్ని ఇసుకలో పాతి వదిలేసి, రెండు చేతులూ చాచి, ఒక్కొక్క అడుగూ పై నుంచి కిందికి గుద్దినట్టు వేశాను. ఇంకోసారి పడ్డాను. మళ్ళీ లేచాను. పక్కన ఒక కుటుంబం ఫోటోలు తీసుకోవడం మానేసి నన్నే చూస్తూ ఉంది. ఆ పెద్దాయన లేచి రాబోయాడు. ఆడబిడ్డ వెనక నుంచి ఆయన్ను ఆపడం వినబడింది: "వద్దన్నా. ఆమె తిడుతుంది."

తర్వాత ఉన్నట్టుండి నేల గట్టిపడింది. కిందికి చూస్తే ఇసుక నల్లగా, తడిగా ఉంది. నా రెండు పాదాల గుర్తులూ దాని మీద పడ్డాయి. ఒకటి వేళ్ళతో, ఒకటి బూటు అడుగుతో. నిటారుగా నిలబడ్డాను. అల వచ్చి రెండు కాళ్ళనూ చుట్టుకుంది. మంచికాలికి చల్లగా తగిలింది. రెండోదానికి ఏమీ తెలియలేదు. అయినా అది కూడా నీళ్ళలోనే ఉంది కదా అనుకున్నాను.

అల వెనక్కి పోయేటప్పుడు కాలికింద ఇసుకను తీసుకుపోతుందని నాకు ఎవరూ చెప్పలేదు. మంచికాలి మడమ కింద ఇసుక జారుతుంటే వేళ్ళు వాటంతటవే నేలను పట్టుకున్నాయి. ఎడమవైపు జారినట్టే తెలియలేదు. తెలిసేలోపు నీళ్ళలో కూలబడ్డాను. రెండో అల నడుము దాకా వచ్చింది. వదులు కాలు కదా, మేజోళ్ళు తడిసి ఇంకా వదులై, అది ఊడిపోయింది. పట్టుకుందామని చెయ్యి చాచేసరికి అల దాన్ని లోపలికి లాక్కుపోయింది. బూటుతో సహా నురగలో దొర్లుతూ పోతోంది.

"కాలు! కాలు పోతా ఉంది!" అని అరిచాను.

ఆడబిడ్డ సంచులు ఇసుకలో పడేసింది. అరుస్తూనే వచ్చింది, ఏమని అరిచిందో నాకు గుర్తులేదు, ఆమెకూ గుర్తులేదు. నన్ను దాటి నీళ్ళలోకి పోయింది. మోకాళ్ళ లోతు, నడుము లోతు. ఒక అల ఆమె తల మీదుగా పోయింది. తర్వాత తల పైకి వచ్చింది, దాని వెనక ఒక చెయ్యి, ఆ చేతిలో నా కాలు.

ఆమె వచ్చి నా పక్కనే నీళ్ళలో కూలబడింది. దగ్గుతోంది, ముక్కులోంచి నీళ్ళు కారుతున్నాయి. కాలును చంటిబిడ్డను పట్టుకున్నట్టు రొమ్ముకు హత్తుకుని కూర్చుంది.

"ఎంత ఉప్పు వదినా ఇది!" అంది.

"నీకు భయం కదా?"

"ఇప్పుడూ భయమే." వెనక్కి తిరిగి సముద్రం వైపు చూసింది. "ఉండు, ఇంకొక అల వస్తా ఉంది. దాన్ని కూడా చూసి పోదాం."

ఇద్దరం అక్కడే కూర్చుండిపోయాం. అల వచ్చినప్పుడల్లా ఆమె నా చెయ్యి పట్టుకునేది. అంతవరకూ నన్ను పట్టుకునేవాళ్ళే అందరూ. నా చేతిని ఊతం చేసుకున్న మొదటి మనిషి ఆమే. చీకటి పడబోతుంటే కాలు నీళ్ళలో కడిగి తొడుక్కున్నాను, కొంగుతో తొడకు కట్టి బిగించాను. ఆడబిడ్డ చెయ్యి అందించలేదు, పక్కన నిలబడింది. నా అంతట నేను లేచి, ఆ ఇసుకంతా మళ్ళీ దాటి గోడ దగ్గరికి వచ్చాను. తిరుగు దారిలో పడలేదు.

గుగ్గిళ్ళామె రెండు పొట్లాలు తెచ్చి ఇచ్చింది. మామిడికాయ ముక్కలు ఎక్కువ వేసింది. పక్కన కూర్చుని, దూరంగా ఒడ్డునే ఉన్న పాత శివాలయం చూపించింది. దాని ముందు భాగమంతా సముద్రం ఎన్నో ఏళ్ళుగా కొంచెం కొంచెం తినేసిందట. అలలను ఆపడానికి ఎదుట పెద్ద బండరాళ్ళు పోశారు. "మిగిలిన గుడిలో ఇప్పటికీ పూజ జరుగుతుంది" అంది. మర్నాడు పొద్దున అక్కడికి పోయి దీపం పెట్టాం. తర్వాత మళ్ళీ బీచ్‌కు పోయాం. ఈసారి అల వెనక్కి పోయేటప్పుడు కుడికాలి వైపు బరువు వేసి నిలబడడం నేర్చుకున్నాను. ఆడబిడ్డ మోకాలి లోతు దాకా తనంతట తానే పోయి, అక్కడి నుంచి నాకు సముద్రం ఎట్లా ఉంటుందో వివరించడం మొదలుపెట్టింది.

ఆమె ఫోన్ మొదటి రోజు సాయంత్రమే, నడుములో దోపుకుని ఉండడంతో, ఉప్పునీళ్ళు తాగి చచ్చిపోయింది. ఇంటి నుంచి మా ఆయన దానికి చేసీ చేసీ దొరకక, సంచిలో ఉన్న నా ఫోన్‌కు చేసీ చేసీ అలిసిపోయి ఉన్నాడు. నేను ఫోన్ ఎత్తగానే హలో కూడా అనకుండా అడిగాడు.

"పడినావా?"

"పడినాను. శానాసార్లు."

"లేసినావా?"

"ఫోన్లో మాట్లాడతా ఉండేది ఎవురు మరి?"

కాలు సముద్రంలో కొట్టుకుపోయిన సంగతి అప్పుడు చెప్పలేదు. మేము తిరిగి వచ్చిన రోజు హోసూరు స్టేషన్‌లో ఆడబిడ్డ చెప్పేసింది, తాను ఎంత లోతుకు పోయిందో చేతులతో చూపిస్తూ. చెప్పినప్పుడల్లా లోతు పెరుగుతూ వచ్చింది. ఆయన నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ప్లాట్‌ఫారం మీద మేము మెట్ల వైపు నడుస్తుంటే ఆయన చెయ్యి ఎప్పటిలాగే లేచింది, సగంలో ఆగింది, చొక్కా జేబులోకి పోయింది. జేబులో ఏమీ లేదు. అయినా మెట్లు ఎక్కేదాకా ఆ చెయ్యి అక్కడే పెట్టుకున్నాడు. అది ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. నేను నెమ్మదిగా ఎక్కాను, ఆయన నా వేగానికే ఎక్కాడు.

ఇంటికి వచ్చి అన్నం తిన్నాక ఆయన వాకిట్లో కూర్చుని అడిగాడు, "సముద్రం ఎట్లుంటుంది?"

నేను చెప్పబోయి ఆగాను. "నువ్వు చూసినావు కదా? పెండ్లికి ముందు మద్రాసులో పని చేసినాను అన్నావే."

"మూడు నెలలు చేసినాను. కంపెనీ, రూము. అంతే. సముద్రం తట్టు పోయేదానికి లేదు. ఊరికొచ్చినాక అందురూ అడిగితే చూసినానని చెప్పినాను."

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట నాతో అనలేదు. నేనూ అడగలేదు. సముద్రం ఎట్లా ఉంటుందో ఆయనకు చెప్పలేదు. అది చెబితే తెలిసేది కాదు.

వచ్చే నెలలో మేమిద్దరం పోతున్నాం, రైలు టిక్కెట్లు తీసుకున్నాం. ఆడబిడ్డ తానూ వస్తానని పోరు పెడుతోంది, దారి చూపించడానికట. నేను మాత్రం రోజూ పొద్దున మడిలోకి పోతున్నాను. ఇప్పుడు ఆయనకు తెలిసే పోతున్నాను, గట్టు మీద కూర్చుని టీ తాగుతూ చూస్తాడు. చేతులు నేలకు ఆనించకుండా లేవడం ఇంకా రావడం లేదు. ఈ నెలాఖరుకు వచ్చేటట్టు చేసుకుంటాను.